కడియం తడవని ఏడు

పెళ్ళిచూపులనాడు అందరూ పిల్ల ముఖం చూస్తారు. మా మామగారు నా కాళ్ళు చూశారు. నేను గుమ్మం దాటి వస్తుంటే ఆయన చూపు పాదాల దగ్గర మొదలై మోకాళ్ళ దగ్గర ఆగిపోయింది. మా ఊళ్ళో నన్ను నిట్రాట అని ఏడిపించేవాళ్ళు. పదహారేళ్ళకే మా నాన్నగారి చెవి అందుకున్నాను. ఇంత పొడుగు పిల్లను ఎవరు చేసుకుంటారు దేవుడా అని మా అమ్మ బెంగపెట్టుకుంటే, మామగారు ఆ పొడుగు చూసే ఖాయం చేసుకున్నారు. అమ్మాయి మాకు నచ్చిందని అక్కడికక్కడే చెప్పేశారు. నచ్చింది నా మోకాలని నాకు తరవాత తెలిసింది.

నవ్వులాటకు చెప్పడం లేదు. దీని వెనక ఒక మట్టికట్ట ఉంది.

ఏలూరుకు దిగువన మెరక భూముల నుంచి ఒక చిన్న వాగు వచ్చి కొల్లేట్లో కలిసేది. దానికి పేరంటూ లేదు, వాగు అనే అనేవాళ్ళం. ఆ వాగుకు ఎగువన మా అత్తవారి ఊరు. దిగువన, సరిగ్గా కొల్లేటి అంచున, మా పుట్టింటి ఊరు. మధ్య కోసున్నర దూరం. సర్కారు కాలువ నీరు ఈ రెండు ఊళ్ళకూ ఎక్కేది కాదు. నేను చెప్పేది ముప్ఫైల నాటి మాట. వానాకాలంలో కొల్లేరు పొంగి మా పుట్టింటి చేలన్నీ మునిగిపోయేవి కనుక అక్కడ సార్వా పంట లేదు. కార్తీకంలో నీరు వెనక్కి తీశాక నారు పోసుకుని, పుష్యంలో ఊడ్చుకుని, దాళ్వా పండించుకోవాలి. ఏడాదికి ఆ ఒక్క పంటే. మా నాన్నగారికి ఉన్నది నాలుగెకరాలు. ఆ నాలుగెకరాలకూ తడి ఇచ్చేది ఆ పేరులేని వాగే.

ఆ వాగుకు అడ్డంగా మా మామగారి ముత్తాతగారు తన సొంత పొలంలో మట్టికట్ట వేసుకున్నారు. సర్కారుకూ దానికీ సంబంధం లేదు. వరదకు ఆగే కట్ట కాదు గనుక ఆషాఢంలో దాని నడుమ తవ్వేసి వాగును వదిలేసేవారు. వానలు వెనకపట్టాక కార్తీకంలో మళ్ళీ పూడ్చేవారు. పూడ్చేటప్పుడు ఒక చోట పల్లంగా వదిలి, అక్కడ ఒక తాటి మొద్దు అడ్డంగా పరిచేవారు. ఆ పల్లాన్ని మేము పొర్లు అనేవాళ్ళం. మొద్దు అంచు దాకా నిండిన నీరు మా అత్తవారి చేలకు. ఆ పైన వచ్చిందల్లా మొద్దు మీదుగా పొర్లి మా పుట్టింటి చేలకు. మా నేల అరచేతిలా చదునుగా ఉంటుంది. మొద్దును నాలుగు వేళ్ళు ఎత్తి పెడితే ఆ నీరు ఎంతో దూరం పరుచుకుంటుంది, అదంతా నిండేదాకా కిందికి చుక్క దిగదు. అందుచేత ఏటా రెండు ఊళ్ళకూ ఉన్న ప్రశ్న ఒక్కటే, ఆ మొద్దు ఎంత ఎత్తున పెట్టాలని.

మొదట్లో ఈ విషయం మీద కర్రలు విరిగాయట. తలలు కూడా పగిలాయని మా నాన్నగారు చెప్పేవారు. చివరికి రెండు ఊళ్ళ పెద్దలూ కూర్చుని ఒక కట్టుబాటు చేసుకున్నారు. కట్ట ఉన్న ఇంటికి ప్రతి తరంలోనూ కింది ఊరి పిల్లను కోడలిగా ఇవ్వాలి. వాగు అడుగున పాతిన ఒక నల్లరాయి మీద ఆ కోడలు నిలబడాలి. ఆవిడ మోకాటి చిప్ప ఎంత ఎత్తున ఉంటే మొద్దు అంత ఎత్తున పెట్టాలి. గజంబద్ద పెట్టుకోవచ్చు కదా అని మీరు అడుగుతారు. బద్ద ఎవరింటి నుంచి రావాలన్న దగ్గర మళ్ళీ కర్రలు లేచేవి. ఆ కోడలు రెండు ఊళ్ళ మనిషి కనుక ఎటువైపూ మోసం చేయదనుకున్నారు. చేస్తే ముఖంలో తెలిసిపోతుందని కూడా అనుకున్నారు, పాపం.

నాకు ముందు ఆ రాయి మీద నిలబడింది మావారి నాయనమ్మ. ఆవిడ్ని నేను మామ్మగారు అనేదాన్ని. మా అత్తగారు కాపురానికి వచ్చిన కొన్నేళ్ళకే పోవడంతో మామ్మగారే డెబ్బై దాటినా నిలబడుతూ వచ్చారు. ఆవిడ పొట్టి మనిషి. నా మోకాలు ఆవిడ మోకాలి కన్నా రెండు వేళ్ళు ఎత్తు. అందుకని నా పెళ్ళికి మా ఊళ్ళోనే అడ్డం చెప్పారు. ఈ పిల్లను ఇస్తే రెండు వేళ్ళ నీరు పోతుందండీ, ఇంకో పొట్టి పిల్లను చూడండి అన్నారు. మా నాన్నగారు నలుగురిలో మాట్లాడే మనిషి కాదు. ఆరోజు మాత్రం లేచి నిలబడ్డారట. "రెండు వేళ్ళు పోతే పోనివ్వండి. నా కూతురు నిలబడిన చోట అబద్ధం ఉండదండి. దానికి పూచీ నాది" అన్నారట. ఆ పూచీ మీద ఊరు ఒప్పుకుంది.

మొదటి ఏడు నన్ను మామ్మగారే చెయ్యి పట్టుకుని వాగులోకి దింపారు. అప్పటికే ఆవిడకు చూపు సరిగ్గా ఆనేది కాదు. అయినా కాలితో తడిమి రాయి ఎక్కడుందో చెప్పేశారు. చుట్టూ ఇద్దరు ఆడవాళ్ళు చీర తెర పట్టారు, మగవాళ్ళ ముందు మోకాలి దాకా చీర ఎత్తాలి కనుక. తెర లోపలికి పై ఊరి తరఫున మా అత్తవారింటి మనిషి ఒకరు, కింది ఊరి తరఫున మా అమ్మ. అమ్మ నా మోకాటి చిప్పకు ఆనించి, సన్నగా చీల్చిన తాటి పేడు అడ్డంగా పట్టుకునేది. తెర బయట రెండు ఊళ్ళ మగవాళ్ళూ ఆ పేడు కొసను చూసుకుని పక్కన పాతిన గుంజకు గీత పెట్టుకునేవారు. నీరు బురదగా ఉంటుంది, అడుగు కనబడదు. మామ్మగారు నా చెవిలో ఒక గుర్తు చెప్పారు. రాయి మీద రెండు కాళ్ళూ ఆనాక కార్తీకం నీరు కాలి కడియాన్ని ముంచాలట. అరవై ఏళ్ళలో ఏ ఏడూ ముంచకుండా లేదట. కడియం పొడిగా ఉంటే అది మన రాయి కాదమ్మా, దిగిపో అన్నారు.

ఇంటికి వచ్చాక ఆవిడ నన్ను అరుగు మీద కూర్చోబెట్టి, నా కడియాలకు పట్టిన బురదను తన కొంగుతో తుడిచారు. కళ్ళు కనబడని మనిషి వేళ్ళతో వెతుక్కుంటూ తుడుస్తుంటే నాకు ఏడుపు వచ్చింది. అత్తగారు లేని ఇల్లు అని మా అమ్మ భయపడింది గానీ నాకు ఏ లోటూ లేదనిపించింది. రెండో ఏడు కూడా అలాగే జరిగింది. కడియం మునిగింది, మామ్మగారు తుడిచారు, కింది ఊళ్ళో ఊడ్పులు వేళకు జరిగాయి. రెండు వేళ్ళు పోయాయని సణిగినవాళ్ళు కూడా నాన్నగారితో మళ్ళీ కలిసిపోయారు.

మూడో ఏడు మామ్మగారికి జ్వరం వచ్చి మంచం పట్టారు. వాగు దగ్గరకు రాలేరు. నన్ను దింపేది ఎవరు అన్నప్పుడు, నేను దింపుతానని మావారు అన్నారు.

ఆ రోజుల సంగతి ఇప్పటివాళ్ళకు తెలియదు. మొగుడూ పెళ్ళాం నలుగురిలో పక్కపక్కన నడిచేవారు కాదు. ఆయన ముందు, నేను పది అడుగులు వెనక. నన్ను పేరుపెట్టి పిలవడం కూడా నేను వినలేదు, ఇదిగో అంటే నేను. అటువంటి మనిషి ఆ నెలలో ఎందుకో మెత్తబడ్డారు. ఏలూరులో మాటలు మాట్లాడే బొమ్మ ఆడుతోందని బండి కట్టించి తీసుకెళ్ళారు. దారిలో వట్లూరు వైపు తోటల నుంచి వచ్చిన జామకాయలు కొని తొడిమలు తీసి నా చేతికిచ్చారు. రెండేళ్ళకు నా మొగుడికి నేను కనబడ్డాననుకున్నాను. ఆ సంబరంలో నెలంతా గాలిలో నడిచాను.

కార్తీకంలో ఆ రోజు రెండు ఊళ్ళవాళ్ళూ కట్ట మీద నిలబడ్డారు. మావారు వాగులోకి దిగి, వెనక్కి తిరిగి, అందరి ముందూ నాకు చెయ్యి అందించారు. మా ఊరి ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. నా ముఖం ఎర్రబడి ఉంటుంది. ఆ చెయ్యి పట్టుకుని దిగాను. రాయి దగ్గర ఆయన నా చెయ్యి గట్టిగా పైకి లాగి, ఒక్క ఊపులో నన్ను ఎక్కించారు. జాగ్రత్త, నాచు పట్టి ఉంది, జారతావు అన్నారు. ఆ మాట కూడా నాకు ముద్దుగానే వినబడింది. నేను ఆయన చేతి వంకే చూస్తున్నాను. వెండి ఉంగరం కింద చిన్న గాటు ఉంది, ఎప్పుడు తగిలిందో అనుకున్నాను.

తెర లోపల అమ్మ పేడు ఆనించి, తల ఎత్తి అడిగింది.

"సరిగ్గా నిలబడ్డావామ్మా?"

అప్పుడు కిందికి చూశాను. నీరు నా పాదాలను తడుపుతోంది గానీ కడియం పొడిగా ఉంది. చూశాను. అది ఇప్పుడు దాచి ప్రయోజనం లేదు. ఈ ఏడు వానలు వెనకపట్టాయి, వాగు సన్నగిల్లి ఉంటుంది అనుకున్నాను. అంతకు రెండు వారాల ముందే కొల్లేరు మా పుట్టింటి గుమ్మం దాకా వచ్చిందని నాకు తెలుసు. అయినా అలాగే అనుకున్నాను. ఆయన చెయ్యి ఇంకా నా చేతిలో ఉంది.

"సరిగ్గానే ఉన్నానమ్మా" అన్నాను.

బయట గీత పడింది. సాయంత్రానికి మొద్దు వేసేశారు. ఇంటికి వచ్చి మామ్మగారి మంచం పక్కన కూర్చుని కాళ్ళు చాపాను, అలవాటుగా. ఆవిడ జ్వరంలోనే చెయ్యి చాపి నా కడియం తడిమారు. కుడిది తడిమారు, ఎడమది తడిమారు. బురద లేదు. ఆవిడ వేళ్ళు కాసేపు అక్కడే ఆగాయి. తరవాత చెయ్యి వెనక్కి తీసుకుని, పోయి అన్నం తినమ్మా అన్నారు.

పుష్యం వచ్చింది. అత్తవారి ఊళ్ళో ఎన్నడూ లేనిది మెరక చేను తడిసింది. ఊరికి పడమర మా మామగారికి ఒక మెరక చెక్క ఉండేది, తాతల నాటి నుంచి దానికి నీరు ఎక్కదు, జొన్న తప్ప ఏమీ పండదు. ఆ ఏడు దానికి దమ్ము పట్టారు. కొత్తగా బోదె తవ్వించాం అన్నారు మామగారు. నేను నమ్మాను. నమ్మడం అంటే అడగకపోవడమే కదా.

పుట్టింటికి వెళ్ళి చాలా రోజులైందని ఒకనాడు పొద్దున్నే బయలుదేరాను. ఊరు కనబడేసరికే తేడా తెలిసింది. ఆ వేళకు పొలాల్లో ఆడవాళ్ళ పాటలు వినబడాలి, ఊడ్పులు జరుగుతుండాలి. ఎక్కడా మనిషి లేడు. వాగు అడుగున నత్తగుల్లలు తెల్లబడి ఉన్నాయి. మా నాన్నగారి నారుమడి ఇంటి వెనకే. నారు జానెడు ఎదిగి, కొసలు ఎర్రబారి, పడుకుండిపోయింది. మడి నెర్రెలు విచ్చింది. ఒక నెర్రెలో నా వేళ్ళు పట్టాయి. నాన్నగారు నెల రోజుల పాటు కావిడితో కొల్లేటి నుంచి నీరు మోసి ఆ మడిని తడిపారట. ఆయన భుజం మీద కాయ చూశాను.

నన్ను చూసి ఆయన లేచి నిలబడ్డారు. అల్లుడుగారు కులాసానా అని అడిగి, అమ్మాయికి మజ్జిగ ఇవ్వమని లోపలికి చెప్పి, కండువా వేసుకుని బయటికి వెళ్ళిపోయారు. చుట్టాన్ని పలకరించినట్టు పలకరించారు. అమ్మ మజ్జిగ తెచ్చింది, చుట్టాలకు తీసే ఇత్తడి గ్లాసులో. వాగు ఎండిపోయిందేమిటే అని అడిగాను. పైన నిండలేదట, ఇంకా పొర్లలేదట అంది. ఊళ్ళో వాళ్ళు నాన్నగారిని ఏమంటున్నారో కూడా చెప్పింది. కూతురి కాపురం కోసం ఊరిని ముంచాడంటున్నారట. కచేరీ చావడి దగ్గర కూర్చుంటే పక్కవాళ్ళు లేచిపోతున్నారట.

నేను ఏ పాపం ఎరగనమ్మా అన్నాను. అమ్మ నా కాళ్ళ వంక చూసింది. కోపంగా కూడా అనలేదు.

"నేను నీ మోకాలు చూశాను. పాదం నువ్వు చూసుకోవాలి కదమ్మా."

మజ్జిగ తాగలేదు. కోసున్నర దూరం ఎలా నడిచానో తెలియదు. నేరుగా కట్ట దగ్గరకు వెళ్ళి, పట్టపగలు, చీరతోనే నీళ్ళలోకి దిగాను. అవతలి గట్టున బర్రెలు మేపేవాళ్ళు చూస్తున్నారు, చూడనీ అనుకున్నాను. కాలితో వెతికితే రాయి దొరికింది. వంగి, నీళ్ళలో ముఖం మునిగేదాకా వంగి, రాయి కింద చెయ్యి పెట్టాను. మట్టి తగలాలి. ఇటుక తగిలింది. దాని కింద ఇంకో ఇటుక, దాని కింద ఇంకోటి. మూడు వరసలు, సున్నం లేకుండా నేర్పుగా పేర్చి, పైన రాయిని మళ్ళీ కూర్చోబెట్టారు. గోళ్ళు విరిగేదాకా లాగితే అంచుది ఒకటి ఊడి వచ్చింది. భాద్రపదంలో మా పశువుల పాక అరుగుకు తెప్పించిన ఇటుక అది. ఆ ఇటుకల బండి వచ్చినప్పుడు దించినవాళ్ళకు చల్ల పోసింది నేనే.

మావారి ఉంగరం కింద గాటు అప్పుడు గుర్తుకు వచ్చింది.

తడిచీరతో ఆ ఇటుకను తీసుకెళ్ళి అరుగు మీద పెట్టాను. మామగారు దాని వంక చూసి, లోపలికి వెళ్ళిపోయారు. ఆయన మీద నాకు పెద్ద కోపం రాలేదు. మొదటి రోజే నా కాళ్ళు చూసిన మనిషి, ఆయన ఎవరో నాకు తెలియాల్సింది. మావారు తలవంచుకుని స్తంభానికి ఆనుకున్నారు. ముందే ఎందుకు చెప్పలేదండీ అని అడిగాను. మెరక చేను రేపు మన పిల్లలకే కదా అన్నారు. తండ్రి మాట తీసెయ్యలేకపోయానన్నారు. నేను అడిగింది అది కాదు. మళ్ళీ అడిగాను. అప్పుడు నిజం చెప్పారు.

"చెబితే నువ్వు నిలబడేదానివి కాదుగా."

బొమ్మా, జామకాయలూ, అందరి ముందూ అందించిన ఆ చెయ్యీ, అన్నీ ఒక్కసారి నాకు అర్థమయ్యాయి. జానెడు ఎత్తు పెరిగిన రాయి మీదకు నేనై ఎక్కితే కాలికి తేడా తెలుస్తుంది. లాగి ఎక్కిస్తే తెలియదు. నా పెళ్ళిలో నేను దాచుకున్న సంతోషం ఏదైనా ఉంటే అదొక్కటే. అది కూడా ఇటుకల మీద పేర్చిందే.

మామ్మగారి దగ్గరకు వెళ్ళాను. ఆవిడ నా అడుగు చప్పుడుకే గోడవైపు తిరిగి పడుకున్నారు. మీరూ ఆ ఊరి పిల్లే కదండీ అన్నాను. అరవై ఏళ్ళు ఈ ఇంటి అన్నం తిన్నానమ్మా, ఇంకెక్కడికి పోను అన్నారు. ఆవిడ్ని నేను ఈనాటికీ క్షమించలేదు. మావారి కన్నా ఎక్కువ నొప్పి ఆవిడ వేళ్ళే పెట్టాయి.

మరునాడు నేనే పలుగు పట్టుకుని వెళ్ళి పొర్లు మొద్దు పక్కన మట్టి తవ్వాను. మావారు కాసేపు చూసి, నా చేతిలోంచి పలుగు తీసుకుని మిగతాది ఆయనే తవ్వారు. మామగారు అడ్డం రాలేదు, ఊరు చూస్తోంది కనుక. నీరు కిందికి వెళ్ళింది. మూడో రోజుకు మా నాన్నగారి నారుమడికి చేరింది. అప్పటికి ఆ మడిలో నారు లేదు. కొన్ని చేలలో మొలకెత్తించిన విత్తనం మళ్ళీ చల్లారు గానీ, చైత్రంలో ఎండలకు పొల్లు పోయింది. మా నాన్నగారు చల్లలేదు. విత్తనం అడగడానికి ఎవరి గుమ్మం తొక్కుతాను అన్నారట. ఆ ఎండాకాలం ఆయన కైకలూరు వైపు వెళ్ళి, ఎవరివో వెదురు మావులు నీళ్ళలో పెట్టి చేపలు పట్టారు. అంతకు ముందు ఆయన చేప పట్టడం నేను చూడలేదు.

ఇటుకను మా నాన్నగారి దగ్గరకు తీసుకెళ్ళాను. ఇది రాయి కింద దొరికింది, నాకు తెలియదు నాన్నా అని చెప్పాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, గోడ పక్కన పెట్టారు. ఊళ్ళో వాళ్ళను పిలిచి చూపించండి, నా తప్పు లేదని తెలుస్తుంది అన్నాను. ఆయన ఎవరినీ పిలవలేదు. కడియం సంగతి మామ్మగారు నా చెవిలో చెప్పినట్టే ఆవిడ అత్తగారు ఆవిడకు చెప్పి ఉంటుంది, కింది ఊళ్ళో ముసలివాళ్ళకు కూడా తెలిసే ఉంటుంది. కడియం తడిసిందా అని ఎవరైనా అడిగితే నేనేం చెప్పాలో ఆయనకు ముందే తెలుసనుకుంటాను. అందుకే పిలవలేదు. నన్ను కాపాడారు.

మరుసటి కార్తీకంలో కింది ఊరివాళ్ళు వడ్రంగి చేత గాట్లు పెట్టించిన తాటి గుంజ ఒకటి తెచ్చి, అందరూ చూస్తుండగా వాగు అడుగున పాతారు. నల్లరాయిని పెకలించి గట్టు మీదకు దొర్లించారు. నేను అలవాటుగా వెళ్ళి కట్ట మీద నిలబడ్డాను. మా ఊరి పెద్దాయన ఒకరు నా దగ్గరకు వచ్చి, మర్యాదగానే, ఇక మీరు శ్రమపడక్కరలేదమ్మా అన్నారు. చిన్నప్పుడు నన్ను భుజం మీద ఎక్కించుకుని తిప్పిన మనిషి. ఆయన నన్ను మీరు అన్నారు. ఆ తరవాత ఆ ఊరి పిల్లను ఎవరూ మా ఇంటికి ఇవ్వలేదు.

మావారితో నలభై ఏళ్ళు కాపురం చేశాను. చెడ్డమనిషి అని చెప్పను. పిల్లలకు మంచి తండ్రి. వయసు వచ్చాక నలుగురిలోనూ నా పక్కనే నడిచేవారు. కొల్లేటి దాటుకు దోనె ఎక్కేటప్పుడు ఆయన ముందు ఎక్కి, వెనక్కి తిరిగి, నాకు చెయ్యి అందించేవారు. పట్టుకునేదాన్ని. కాకపోతే పట్టుకునే ముందు ఒకసారి కిందికి, నా పాదాల వంక చూసుకునేదాన్ని. నేను చూసుకునేదాకా ఆయన చెయ్యి చాపి అలాగే ఉండేవారు. ఎందుకు చూస్తావని ఒక్కనాడూ అడగలేదు.